పన్నెండు గంటలకి తెల్లవారే ఊరు

బహిర్‌దార్‌లో నా మొదటి క్లాసుకి ఆరు గంటలు ఆలస్యంగా వెళ్లాను. ముందురోజు డిపార్ట్‌మెంట్‌లో టైమ్‌టేబుల్ చేతిలో పెట్టి "రేపు రెండు గంటలకి" అన్నారు. సరే, మధ్యాహ్నం దాకా టైముంది కదా అని పొద్దున్నే తీరిగ్గా లేచి, గుడ్డలు ఉతుక్కుని, అన్నం వండుకు తిని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పది నిమిషాల ముందే వెళ్లి గది ముందు నిలబడ్డాను. లోపల ఇంకెవరో లెక్కలు చెబుతున్నారు. నా పిల్లలు పొద్దున్న ఎనిమిదింటికే వచ్చి, కాసేపు కూర్చుని, వెళ్లిపోయారట.

ఇథియోపియాలో గడియారం పొద్దుతో నడుస్తుంది. మనకి ఆరింటికి తెల్లవారితే అది వాళ్లకి పన్నెండు. మన ఏడు వాళ్ల ఒకటి, మన ఎనిమిది వాళ్ల రెండు. సాయంత్రం ఆరింటికి మళ్లీ పన్నెండు కొట్టి రాత్రి లెక్క మొదలు. మా తాతయ్య "జాము పొద్దెక్కింది, ఇంకా పడకేనా" అని నిద్ర లేపేవాడు కాబట్టి ఈ లెక్క నాకు అంత వింతగా తోచకూడదు. కానీ చేతికి గడియారం ఉంది, అది తాతయ్య మాట వినదు. పైగా దాన్ని ఇండియా టైమ్ మీదే ఉంచుకున్నాను, రెండున్నర గంటలు ముందు. ఇంట్లో వాళ్లు ఈ వేళకి ఏం చేస్తుంటారో చూసుకోవడానికి. అంటే బుర్రలో ఎప్పుడూ మూడు గడియారాలు తిరుగుతుండేవి.

నేను దిగింది 2007 అక్టోబర్‌లో. వాళ్ల క్యాలెండర్‌లో అప్పటికి 2000 సంవత్సరం మొదలై నెల రోజులు. సెప్టెంబర్ 12న దేశమంతా కొత్త సహస్రాబ్ది పండగ చేసుకున్నారు, ఆ తోరణాలు ఇంకా దీపస్తంభాలకి వేలాడుతున్నాయి. ప్రపంచమంతా ఏడేళ్ల క్రితం చేసుకున్న పండగ తోరణాల కింద నుంచి సూట్‌కేస్ లాక్కుంటూ నడిచాను. ఏడేళ్లు వెనక్కిచ్చారు, పోన్లే అనుకున్నాను. అప్పటికి గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పదేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఏ నెల జీతం ఏ నెలలో వస్తుందో పంచాంగం చూసినా తెలిసేది కాదు. ఇథియోపియా ఆ రోజుల్లో వరసగా కొత్త యూనివర్సిటీలు తెరుస్తోంది, చెప్పేవాళ్లు చాలక మన దగ్గర నుంచి లెక్చరర్లని పిలుస్తోంది. ఢిల్లీలో ఇంటర్వ్యూ, ఆర్నెల్లకి టికెట్. మా ఆవిడది గవర్నమెంట్ టీచరు ఉద్యోగం, వదులుకునేది కాదు. పాప మూడో క్లాసు. ఒక్కణ్నే వెళ్లాను.

బహిర్‌దార్ అందమైన ఊరు. టానా సరస్సు ఒడ్డున ఉంటుంది, నీలినైలు నది అక్కణ్నుంచే బయల్దేరుతుంది. రోడ్డుకి రెండు వైపులా వరసగా తాటిజాతి చెట్లు. 1,800 మీటర్ల ఎత్తు కాబట్టి ఎండాకాలంలో కూడా గుంటూరు వాడికి అది చలే. సరస్సులో దుంగల్లాగా కట్టిన గడ్డి పడవల మీద కట్టెలు వేసుకుని వచ్చేవాళ్లు. ఊళ్లో తిరిగే ఆటోలన్నీ మన దేశానివే, వాటిని ఆటో అనరు, 'బజాజ్' అంటారు. "బజాజ్ దొరకలేదు టీచర్, అందుకే లేటయింది" అని పిల్లలు చెప్పినప్పుడల్లా నాకు స్కూటరు గుర్తొచ్చేది.

పేరు సంగతి చెప్పాలి. ఇథియోపియాలో ఇంటిపేర్లుండవు. ఏ అప్లికేషనైనా మూడు గళ్లు: నీ పేరు, మీ నాన్న పేరు, మీ తాత పేరు. నా పాస్‌పోర్ట్‌లో ముందు ఇంటిపేరు, ఆ తర్వాత నా పేరు. ఆఫీసులో అమ్మాయి ఆ వరసలోనే రాసేసుకుంది. మా ఇంటిపేరు నా పేరైంది. నా పేరు మా నాన్న పేరైంది. తాత గడి ఖాళీగా ఉండకూడదంది, తాతయ్య పేరు చెప్పాను. బందరు దాటి ఎరగని మనిషి పేరు ఆఫ్రికాలో ఒక రిజిస్టర్‌కి ఎక్కింది. సరిచేయించుకుందామని రెండుసార్లు తిరిగాను. మూడోసారి నాకే బద్ధకమేసింది. ఐదేళ్లు అందరూ నన్ను ఇంటిపేరుతోనే పిలిచారు. ఇంటికి ఫోన్‌లో చెబితే నాన్న నవ్వి, "అయితే అక్కడ నేనే నువ్వన్నమాట" అన్నాడు.

క్లాసులో అరవైమంది దాకా ఉండేవాళ్లు. ఏ ఊరి పిల్లల్ని ఏ యూనివర్సిటీకి పంపాలో ప్రభుత్వమే తేల్చేది కాబట్టి అమ్హారిక్, ఒరోమో, టిగ్రిన్యా మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. హైస్కూల్లో వీళ్లకి పాఠాలు శాటిలైట్ టీవీలో వచ్చేవి. దాన్ని 'ప్లాస్మా' అనేవాళ్లు. ఎక్కడో దక్షిణాఫ్రికాలో తయారైన పాఠం. టీవీలో టీచరు ప్రశ్న అడిగి, నాలుగు సెకన్లు ఆగి, "వెరీ గుడ్" అనేదట, జవాబు ఎవరూ చెప్పకపోయినా సరే. మా పిల్లలు దాన్ని భలే అనుకరించేవాళ్లు. నేను ప్రశ్న అడగ్గానే వెనక బెంచీ నుంచి ఎవడో ఒకడు మనసులో నాలుగు లెక్కపెట్టి "వెరీ గుడ్!" అనేవాడు. కోప్పడాలి కానీ నవ్వొచ్చేది.

మొదటి వారం నన్ను కంగారు పెట్టింది వేరే సంగతి. "అర్థమైందా?" అనగానే కొంతమంది దిగ్గున ఊపిరి లోపలికి పీల్చేవాళ్లు, తేలు కుట్టినట్టు. నేనేమైనా తప్పు మాట అన్నానా అని బోర్డు వైపు చూసుకునేవాణ్ని. తర్వాత తెలిసింది, అక్కడ అవునని చెప్పడం అలాగే, ఊపిరి చటుక్కున పీలిస్తే చాలు. మరి నేను వాళ్లు చెప్పిన జవాబు బాగుంటే మన పద్ధతిలో తల అటూ ఇటూ ఆడించేవాణ్ని. వాళ్లు తప్పు చెప్పామనుకుని కూర్చుండిపోయేవాళ్లు. పదిహేను రోజులు ఇద్దరం ఒకరికొకరం అవునని చెప్పుకుంటూనే భయపెట్టుకున్నాం.

ఉచ్చారణ పాఠాలు ఇంకో సరదా. వాళ్లు 'దిస్' అనాల్సిన చోట 'జిస్' అనేవాళ్లు, 'థింక్'ని 'సింక్' అనేవాళ్లు. నాలుక పళ్ల మధ్య పెట్టి గాలి వదలాలని పుస్తకంలో ఉంది. మా హైస్కూల్ మాస్టారు పెట్టలేదు, నేనూ ఎప్పుడూ పెట్టలేదు. మన నోట్లో అది నిక్షేపంగా 'ద', 'థ'. అరవైమంది నాలుకలు బయటపెట్టి నా వైపు చూస్తుంటే, పుస్తకంలో ఉన్నట్టు నేనూ జీవితంలో మొదటిసారి పెట్టి పలికాను. బహిర్‌దార్‌లోనే నాకు 'ద' వదిలి ఆ శబ్దం పట్టుబడింది. గుంటూరు తిరిగొచ్చాక మళ్లీ పోయింది.

నేను అద్దెకున్న ఇంటి ఓనరావిడకి అరవై దాటి ఉంటాయి. పెద్దవాళ్లని పిలిచినట్టు అందరూ 'ఎమామా' అనేవాళ్లు, నేనూ అదే పిలుపు. ముందు ఇల్లు ఆవిడది, వెనక రెండు గదులు నావి, మధ్యలో జామచెట్టు, గేటు దగ్గర కాపలా ముసలాయన. ఆవిడ మనవరాలికి ఆరేళ్లు. సాయంత్రం అరుగు మీద కూర్చుని అక్షరాలు వల్లించేది: "హ హు హి హా హే హ్ హో, ల లు లి లా లే ల్ లో…" మొదటిసారి విన్నప్పుడు వంటగదిలోంచి గరిటెతో సహా బయటికొచ్చాను. అచ్చం మన గుణింతం! 33 అక్షరాలు, ఒక్కోదానికి ఏడు రూపాలు. ఆ పిల్ల పక్కన కూర్చుని పలక పట్టాను. తప్పు రాస్తే మోచేత్తో పొడిచేది. మూడు నెలల్లో షాపుల బోర్డులు చదవడం వచ్చింది, అర్థం తెలియకపోయినా సరే. పగలు నా దగ్గర చదివే పిల్లలు సాయంత్రం గేటు ముందు నుంచి వెళ్తూ, వాళ్ల సారు ఆరేళ్ల పిల్ల చేత పొడిపించుకుంటుంటే చూసి ఆగిపోయేవాళ్లు.

తిండికి నేను పడ్డ బాధేమీ లేదు. నేను శాకాహారిని అంటే వింతగా చూస్తారేమో అని భయపడ్డాను. కానీ అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం. ఈస్టర్ ముందైతే వరసగా 55 రోజులు మాంసం, పాలు, గుడ్డు ఏవీ ముట్టరు. ఆ ఉపవాసాన్ని 'త్సోమ్' అంటారు. హోటల్లో ఆ ఒక్క మాట చెబితే చాలు: ఇంజెరా మీద ఎర్ర కందిపప్పు కూర, శనగపిండి ఉడికించినట్టుండే షిరో, ఆకుకూర. ఇంజెరా అంటే టెఫ్ అనే సన్న గింజల పిండి రెండు మూడు రోజులు పులియబెట్టి పెద్ద పెనం మీద పోసే అట్టు. ఒంటినిండా తూట్లు. ఆ తూట్లని వాళ్లు కళ్లంటారు. కళ్లు సరిగ్గా పడని ఇంజెరా చేస్తే ఎమామా పనిపిల్లని తిట్టేది. మా నాయనమ్మ అట్టు సరిగ్గా విడవకపోతే పెనాన్ని తిట్టేది, మనుషుల్ని కాదు.

ఆదివారం కాఫీకి పిలుపొచ్చేది. నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణిలాంటి ధూపం వేసి, పచ్చి గింజలు కళ్లముందే వేయించి, దంచి, మెడ సన్నగా ఉండే మట్టి కూజాలో కాచి మూడు వాయిలు పోస్తారు. మొదటిది అబోల్, రెండోది టోనా, మూడోది బెరెకా. మూడోది తాగకుండా లేస్తే ఎమామా ఊరుకునేది కాదు, దీవెన అందులోనే ఉందట. ఒకరోజు నా కప్పులో ఏదో ఆకు రెమ్మ తేలుతోంది. వాసన చూస్తే సదాపాకు! చిన్నప్పుడు పసిపిల్లలకి కడుపునొప్పొస్తే నాయనమ్మ వాడిన సదాపాకు. అక్కడ దాని పేరు తేనా ఆదామ్. మన పెరట్లోంచి మాయమైపోయిన మొక్క ఇక్కడ కాఫీలో ఎలా దొరికిందో చెబుదామని చూశాను కానీ నాకున్న అమ్హారిక్ సరిపోలేదు. "మా అమ్మమ్మ, ఈ ఆకు, నేను చిన్న" అన్నాను. నాయనమ్మ అనడానికి అమ్హారిక్ మాట తట్టలేదు, అమ్మమ్మతో సరిపెట్టాను. ఎమామాకి ఏమర్థమైందో, ఆ తర్వాత ప్రతి ఆదివారం నా కప్పులో ఆ రెమ్మ ఉండేది.

ఇంకోటి గుర్షా. అందరూ ఒకే పళ్లెంలో తింటూ, పెద్దవాళ్లు పక్కవాళ్ల నోట్లో ముద్ద పెడతారు. పెద్ద ముద్ద, నోరు పట్టదు. ఒకటి పెట్టి ఆపకూడదట. గోరుముద్దలు తిన్నవాళ్లకి గుర్షా కొత్తేం కాదు, కాకపోతే నలభై దాటాక తినిపించుకోవడమే కొత్త.

పెద్ద వయసు వాళ్లు నన్ను చూడగానే "హింద్?" అని అడిగి, వెంటనే "నా లెక్కల మాస్టారు హింద్" అనేవాళ్లు. బ్యాంకులో ఒకాయన, మందుల షాపులో ఒకాయన. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో మన దేశం నుంచి వెళ్లిన టీచర్లు, ఎక్కువగా మలయాళీలు, ఊరూరా పాఠాలు చెప్పారు. 1974లో చక్రవర్తిని దించేసే నాటికి చదువుకున్న తరమంతా వాళ్ల చేతి కిందిదే. బ్యాంకాయన నా టీ డబ్బులు తనే ఇచ్చి, "మీ వాళ్లు బాగా కొట్టేవారు" అన్నాడు నవ్వుతూ. నేను ఎవర్నీ కొట్టలేదని చెప్పాను. "అందుకే ఇప్పటి పిల్లలకి రావడం లేదు" అన్నాడు.

2010 జులై. వానాకాలం, కరెంటు పోయి వస్తోంది. ఒక రాత్రి ఏడున్నరకి ఎమామా స్వయంగా పళ్లెం పట్టుకుని నా గదికొచ్చింది. ఎప్పుడూ పనిపిల్లతో పంపేది. కొవ్వొత్తి వెలుతుర్లో ఎదురుగా కూర్చుని తినమంది. ఆకల్లేదన్నా వినలేదు. తనే కలిపి గుర్షా పెట్టింది, ఒకటి, రెండు, మూడు. పడుకోమంది. తెల్లారి పేపర్లు దిద్దాలి, నేనూ పడుకున్నాను. మధ్యలో ఒకసారి మెలకువొచ్చి చూస్తే కాపలా ముసలాయన గేటు దగ్గర కాకుండా నా గుమ్మం ముందు దుప్పటి కప్పుకుని కూర్చునున్నాడు. వానకి ఇటొచ్చాడనుకున్నాను.

పన్నెండు గంటలకి తలుపు కొట్టారు. పన్నెండంటే తెల్లవారే పన్నెండు. జామచెట్టు కింద పదిహేనుమంది. ఎమామా, పక్కిళ్ల ఆడవాళ్లు, మా డిపార్ట్‌మెంట్ వాళ్లు ముగ్గురు, మా క్లాసు పిల్లలు ఆరుగురు, నాలాగే అక్కడ పాఠాలు చెప్పే వరంగల్ లెక్చరర్ ఒకాయన. ఆడవాళ్లంతా తెల్ల పైబట్ట అంచు భుజాల మీదికి వచ్చేట్టు కప్పుకున్నారు. అది దుఃఖానికి గుర్తని నాకు తెలియదు. ఎమామా నా రెండు చేతులూ పట్టుకుని ఏదో అంది. అందులో "అబ్బాత్" ఒక్కటే అర్థమైంది. నాన్న.

దీన్ని వాళ్లు మెర్దో అంటారు. చావు కబురు ఫోన్‌లో చెప్పరు, రాత్రి చెప్పరు, ఒక్కడుండగా చెప్పరు. మనిషిని తిననిచ్చి, నిద్రపోనిచ్చి, తెల్లవారుతుండగా నలుగురు కలిసి వెళ్లి చెబుతారు. పడిపోతే పట్టుకోవడానికి.

నాకప్పుడు ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. తమ్ముడు ముందురోజు రాత్రే వరంగల్ ఆయనకి ఫోన్ చేశాడు, నేను ఒంటరిగా ఉంటానని నాకు చెయ్యలేదు. ఆయన మీద విరుచుకుపడ్డాను. "రాత్రంతా దాచిపెట్టి కూర్చున్నారా?"

"నేను చెప్దామనే వచ్చిన సార్," అన్నాడు. "గేటు కాడనే ఆపేసింది ముసలమ్మ. టికెట్ సంగతి చూడుపో, పొద్దున నేను చెప్త అన్నది."

టికెట్ చేతిలో పెట్టాడు. ఆ రాత్రి బహిర్‌దార్ నుంచి రాజధాని అడీస్ అబాబాకి వెళ్లే దారేమీ లేదు, పొద్దున విమానమే మొదటిది. నాకేం నష్టం జరగలేదని లెక్క వేసి చూపించవచ్చు. మనవాళ్లు మాత్రం "నాన్నకి సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరు" అని అబద్ధమాడరా? కానీ ఆ రాత్రి మా నాన్న వరండాలో చాప మీద ఉంటే నేను పప్పు తిని పడుకున్నాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోయిందని చెప్పలేను. మూడో రోజు ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. కొరివి తమ్ముడు పెట్టాడు.

ఇరవై రోజులకి గుండుతో తిరిగెళ్లాను. డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డులో నల్లగీతల మధ్య కాగితం ఇంకా అలాగే ఉంది. నాకు అమ్హారిక్ అక్షరాలొచ్చు కదా, కూడబలుక్కుని చదివాను. టీచర్ ఫలానా, మా ఇంటిపేరు. ఆయన తండ్రి 'అటో' (అంటే శ్రీ) ఫలానా మరణించారు. తండ్రి పేరు దగ్గర నా పేరుంది. రిజిస్టర్లో ఉన్నట్టే రాశారు. నా చావు నోటీసు ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెనక నుంచి మా క్లాస్ రెప్రజెంటేటివ్ వచ్చి, "తీసెయ్యమంటారా టీచర్?" అని అడిగాడు. ఉండనీ అన్నాను.

నేను వెళ్లేముందు రావడం కుదరనివాళ్లు ఆ నెలంతా వస్తూనే ఉన్నారు. వచ్చి "ఎగ్జియాబెహేర్ యాత్స్నాహ్", దేవుడు నీకు బలమివ్వాలి అనేవాళ్లు, కూర్చునేవాళ్లు, ఇంకేం మాట్లాడేవాళ్లు కాదు. మధ్యమధ్య "అయిజోహ్" అనేవాళ్లు. దారిలో కాలికి రాయి తగిలినా అదే మాట, తండ్రి పోయినా అదే మాట. తెలుగులో దానికి సరిపోయే మాట కోసం చాలా వెతికాను. ధైర్యంగా ఉండు అంటే బరువెక్కువ, ఫర్వాలేదు అంటే తేలికైపోతుంది.

2012లో కాంట్రాక్టు పూర్తయి వచ్చేశాను. ఎమామా కిలో బెర్బెరే కట్టిచ్చింది, వాళ్ల కారప్పొడి. మనవరాలు అప్పటికి నాకంటే బాగా ఇంగ్లీషు మాట్లాడుతోంది, 'జిస్' అంటూనే. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో పొట్లం విప్పించి, "ఏంటిది?" అంటే కారం అన్నాను. ఆయన వాసన చూసి తుమ్మి పొమ్మన్నాడు.

ఇంట్లో అమ్మ పొట్లం విప్పి చిటికెడు అరచేతిలో వేసుకుంది. "మెంతులున్నాయి. వాము కూడా వేశారు. ఇదేంట్రా, కారంలో ఏలక్కాయలా?" అని కాసేపు ఆశ్చర్యపోయింది. గాజు సీసా కడిగి తుడిచి అందులో పోస్తూ, ఉన్నట్టుండి అడిగింది.

"నాన్న పోయిన రాత్రి నువ్వు అన్నం తిన్నావా?"

రెండేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు ఆ మాట.

"తిన్నానమ్మా. ఈ కారం ఇచ్చినావిడే తినిపించింది. మూడు ముద్దలు."

అమ్మ సీసా మూత గట్టిగా బిగించి, పచ్చళ్ల జాడీల పక్కన, పిల్లలకి అందకుండా పై అరలో పెట్టింది.